గీత, గింజ, గవ్వ, కొయ్య: తెలుగువారి బోర్డు ఆటల తయారీ చరిత్ర

వ్యాస సంగ్రహం

అష్టాచెమ్మా, పచ్చీసు, పులిజూదం, వామనగుంటలు, వైకుంఠపాళి వంటి ఆటల గురించి తెలుగులో జరిగిన చర్చ ఎక్కువగా ఆడే విధానం, నియమాలు, బాల్యస్మృతుల చుట్టూ సాగింది. ఆ ఆటలకు కావలసిన వస్తువులు ఏ పదార్థంతో, ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా తయారయ్యాయన్న ప్రశ్నకు అంతగా చోటు దక్కలేదు. పర్యావరణానికీ కార్మికులకూ హాని చేయని ఆటవస్తువులను మనకు దగ్గరలోనే తయారుచేసుకోవాలన్న ఆలోచన బలపడుతున్న ఈ కాలంలో ఆ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. ఆటల పదజాలం, గవ్వల వ్యాపారం, విశాఖపట్నం దంతపు పనితనం, అచ్చుపటాలు, ఏటికొప్పాక - కొండపల్లి కొయ్యపని అనే ఐదు ఆధారాల ద్వారా ఈ వ్యాసం ఆ తయారీ చరిత్రను పరిశీలిస్తుంది. స్థానికత ఒక్కటే నైతికతకు హామీ కాదనీ, పదార్థం, శ్రమ, వస్తువు చివరి దశ అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే ఆ మాటకు అర్థం ఏర్పడుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోర్డు ఆటలు, అష్టాచెమ్మా, వామనగుంటలు, గవ్వలు, అంకుడు కర్ర, ఏటికొప్పాక, కొండపల్లి, భౌతిక సంస్కృతి.

1. ప్రవేశిక

నేడు బోర్డు ఆటలు అని పిలుస్తున్న వాటన్నిటికీ కలిపి తెలుగు వాడుకలో స్థిరపడిన సామాన్యపదం కనిపించదు. ప్రతి ఆటకూ దాని పేరే ఉంది. ఆట ఒక పెట్టెలో పెట్టి అమ్మే సరుకుగా మారిన తరువాతనే వీటన్నిటినీ ఒకే వర్గంగా చూడడం అలవాటైంది. అంతకుముందు వామనగుంటలకూ పులిజూదానికీ పోలిక వెతకవలసిన అవసరం ఆడేవారికి రాలేదు.

తెలుగువారి ఆటలను చరిత్ర రచనకు ఆధారంగా స్వీకరించిన వారిలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యులు. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన రాజుల యుద్ధాలకు బదులు ప్రజల తిండి, బట్ట, నమ్మకాలు, వినోదాలకు స్థానం కల్పించారు. కావ్యాలలోని ఆటల ప్రస్తావనలను సాంఘిక చరిత్రకు సాక్ష్యాలుగా చదివే పద్ధతి ఆ గ్రంథంతో బలపడింది. అయితే కావ్య ప్రస్తావనలు ఆట పేరును, ఆడేవారి ఉత్సాహాన్ని, పందెపు ఫలితాన్ని చెప్పినంత వివరంగా పీటను చెక్కిన వడ్రంగి గురించి చెప్పవు. ఆ లోటును పూరించడానికి వస్తువులనే సాక్ష్యాలుగా స్వీకరించాలి. పదార్థం ఎక్కడిది, దానిని మలచిన చెయ్యి ఎవరిది, వాడకం ముగిసిన తరువాత ఆ వస్తువు ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలు ఈ పరిశీలనకు ఆధారం.

2. తయారీ అవసరం లేని ఆట

తెలుగువారి బోర్డు ఆటలలో పెద్ద భాగానికి తయారీ కేంద్రమే అవసరం లేదు. అష్టాచెమ్మాకు అరుగు మీద సుద్దతోనో బొగ్గుతోనో ముగ్గుతోనో గీసిన గళ్ళు చాలు. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్ళు గీసి, నియమిత గళ్ళలో అడ్డగీతలు కొడితే పటం సిద్ధమవుతుంది. నలుగురు ఆడితే ఒకరు గులకరాళ్ళు, ఒకరు గాజుముక్కలు, ఒకరు పుల్లలు, ఒకరు గింజలు పావులుగా పెట్టుకుంటారు. రంగులు వేయకుండానే ఎవరి పావులు ఎవరివో తెలుస్తుంది. గవ్వలు దొరకని ఇళ్ళలో చింతగింజలను ఒకవైపు రాతిమీద అరగదీసి, తెల్లని పప్పు కనిపించేలా చేసి, వాటినే వేస్తారు. నల్లని వైపు, తెల్లని వైపు అనే రెండు ముఖాలు గవ్వ చేసే పనిని పూర్తిగా నెరవేరుస్తాయి.

పులిజూదం పటం త్రిభుజాకారపు గీతలతో ఏర్పడుతుంది. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే రూపం ప్రసిద్ధం. రెండు పక్షాల బలాలు సమానం కాని ఈ ఆటకు రెండు పరిమాణాల రాళ్ళుంటే సరిపోతుంది. దక్షిణ భారతదేశంలోని అనేక ఆలయ మండపాల రాతి నేలలపై ఇటువంటి పటాలు చెక్కి కనిపిస్తాయి. వీటిని ఆధారంగా వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మండపం కట్టిన కాలమే ఆ గీతల కాలం కానక్కర లేదు. కట్టేటప్పుడు శిల్పులు విరామవేళ చెక్కి ఉండవచ్చు. శతాబ్దాల తరువాత అక్కడ నీడకు కూర్చున్నవారు చెక్కి ఉండవచ్చు. కాలనిర్ణయానికి పనికిరాకపోయినా, ఆ గీతలు ఒక విషయాన్ని స్పష్టం చేస్తాయి. ఆట పలక కొనుక్కునే సరుకు కాదు, కూర్చున్నచోట ఏర్పాటు చేసుకునేది.

ఈ దశలో పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ సమాధానం సులభం. పదార్థం పెరటిది, చెయ్యి ఆడేవారిది, ఆట ముగిశాక గీత చెరిగిపోతుంది, గింజ మట్టిలో కలుస్తుంది. అయితే ప్రకృతిసిద్ధమైనదంతా నిరపాయకరమని భావించడానికి వీలులేదు. వామనగుంటలలో చింతగింజలతో పాటు గురివింద గింజలు వాడడమూ ఉంది. ఎర్రగా మెరిసే గురివింద గింజ లోపల తీవ్రమైన విషం ఉంది. పెంకు గట్టిగా ఉండడం వల్ల చేతితో పట్టుకుంటే ప్రమాదం లేదు గాని, నమిలి మింగితే ప్రాణాపాయం. ఇంట్లోని పెద్దల పర్యవేక్షణే ఆనాటి భద్రతా ప్రమాణం. ఆ పర్యవేక్షణ లేని అంగడి సరుకుకు వేరే ప్రమాణం ఎందుకు అవసరమో ఈ చిన్న ఉదాహరణ చెబుతుంది.

3. పదజాలం చెప్పే సాక్ష్యం

వస్తువులు నశించినా వాటి పేర్లు భాషలో నిలుస్తాయి. తెలుగు ఆటల పదజాలంలో ఈ నిలకడ స్పష్టంగా కనిపిస్తుంది.

అష్టాచెమ్మాలోనూ పచ్చీసులోనూ పావును 'కాయ' అంటారు. అన్ని గళ్ళూ తిరిగి నడిమి గడిని చేరితే ఆ కాయ 'పండింది' అంటారు. పావుగా మొదట గింజలూ కాయలూ వాడిన అలవాటుకు ఇది గుర్తు కావచ్చు. గుండ్రని చిన్న వస్తువును కాయ అనడం తెలుగులో సామాన్యమే కనుక ఈ ఒక్క పదాన్ని బట్టి నిర్ధారణకు రాలేము. కాని కాయ పండడమనే రెండో అడుగు గమనింపదగినది. వస్తువు పేరు నుంచి ఆట ఫలితానికి పదం సాగిన తీరులో వ్యవసాయ జీవనం తొంగిచూస్తుంది.

వామనగుంటల పేరు ఇంకా స్పష్టమైన ఆధారం. రెండు వరుసలలో ఏడేసి చొప్పున పద్నాలుగు గుంటలుండే కొయ్యపీటలు తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఉన్నాయి. చేప ఆకారంలో చెక్కినవి, నడుమ కీలు పెట్టి మడిచేవి కూడా ఉన్నాయి. కొయ్యలో తొలిచినా, ఇత్తడిలో పోతపోసినా దాని పేరు గుంటే. గుంట నేలలో తవ్వేది. పీట రూపంలో వచ్చిన వస్తువు నేలమీది ఆట పేరును విడవలేదు.

ఆట నుంచి సామాన్య వ్యవహారంలోకి వచ్చిన పలుకుబడులు కూడా చరిత్రను మోస్తున్నాయి. ఎత్తుగడ ఫలించడం 'పాచిక పారడం' అయింది. మనిషిని అవసరానికి వాడుకోవడం 'పావుగా వాడుకోవడం' అయింది. ఎక్కుతూ పడుతూ సాగే రాజకీయాలను 'వైకుంఠపాళి' అనడం పత్రికా భాషలో నేటికీ ఉంది. చేతిలో ధనం లేకపోవడాన్ని 'చిల్లిగవ్వ లేదు' అంటారు. ఈ చివరి పలుకుబడి ఆటది కాదు, అంగడిది. గవ్వ నాణెంగా చెల్లిన కాలపు జ్ఞాపకం అది. ఈ జ్ఞాపకమే స్థానికత గురించిన మొదటి చిక్కును ముందుకు తెస్తుంది.

4. గవ్వ: దూరం నుంచి వచ్చిన ఇంటి వస్తువు

అష్టాచెమ్మా అనగానే తెలుగువారికి గవ్వలు గుర్తుకొస్తాయి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఇంతకన్న ఇంటి వస్తువు మరొకటి ఉండదనిపిస్తుంది. కాని హిందూమహాసముద్ర వ్యాపారంలో చెలామణి అయిన చిన్న పసుపుతెలుపు గవ్వకు ప్రధాన కేంద్రం మాల్దీవులు. 14వ శతాబ్దిలో ఆ దీవులలో నివసించిన ఇబ్న్ బతూతా అక్కడి గవ్వలు బెంగాలుకు వెళ్ళి, బదులుగా బియ్యం రావడాన్ని నమోదు చేశాడు. బెంగాలు, ఒరిస్సా ప్రాంతాలలో గవ్వలు చిల్లర నాణెంగా 19వ శతాబ్ది ఆరంభం దాకా చెల్లాయి.

ఆ గవ్వల ప్రయాణం బంగాళాఖాతంతో ఆగలేదు. ఐరోపా వర్తక సంస్థలు వాటిని ఓడలలో తమ రేవులకు చేర్చి, అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాకు పంపాయి. అక్కడ మనుషులను బానిసలుగా కొనడానికి చెల్లించిన సరుకులలో మాల్దీవుల గవ్వలు ఉన్నాయి. తెలుగు ఇంటి అరుగు మీద పందెం వేసే గవ్వకూ, అట్లాంటిక్ తీరంలో మనిషికి కట్టిన ధరకూ ప్రత్యక్ష సంబంధం లేదు. ఆడినవారికి ఆ వ్యాపారంలో భాగమూ లేదు. కాని రెండూ ఒకే రకపు వస్తువు, ఒకే సముద్ర మార్గాల సరుకు. ఇంట్లో ఉన్నదంతా ఇంటి దగ్గరిదేనన్న భావన ఎంత సులభంగా ఏర్పడుతుందో గవ్వ చెబుతుంది. అదే సమయంలో, గవ్వకు బదులు అరగదీసిన చింతగింజ వాడడం కేవలం పేదరికానికి గుర్తు కాదనీ, దూరపు సరుకుకు దగ్గరి ప్రత్యామ్నాయాన్ని కనిపెట్టిన నేర్పు అనీ గుర్తించవచ్చు.

5. విశాఖపట్నం దంతపు పనితనం

స్థానిక తయారీకి తెలుగు తీరం అందించిన అత్యంత నైపుణ్యవంతమైన ఉదాహరణ విశాఖపట్నానిది. 17వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థావరం ఏర్పరచుకున్న తరువాత, ఐరోపా ఉద్యోగుల కోసం దంతం పొదిగిన బల్లలు, కుర్చీలు, రాతపెట్టెలు చేసే పని వృద్ధి చెందింది. 18వ శతాబ్ది నాటికి ఆ పేరు దేశాంతరాలకు పాకింది. దంతపు పలకపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపడం ఆ పనితనపు ప్రత్యేకత. ఈ పని చేసినవారు కంసాలులు.

ఆ వస్తువులలో ఆట బోర్డులు కూడా ఉన్నాయి. మడిచినప్పుడు పైన చదరంగం గళ్ళు, తెరిచినప్పుడు లోపల బ్యాక్‌గామన్ పటం కనిపించే పెట్టెలను దంతం, కొమ్ము పలకలతో కూర్చేవారు. తెల్లగడికి దంతం, నల్లగడికి కొమ్ము. ఇవి తెలుగు చేతులు చేసినవే గాని తెలుగు ఇళ్ళకు చేసినవి కావు. కొనుగోలుదారు అభిరుచి, ఆట, ఆకారం పరాయివి. చెయ్యి మాత్రం స్థానికం. లండన్‌లోని విక్టోరియా అల్బర్ట్ మ్యూజియం వంటి సంస్థలలో విశాఖపట్నం పనితనపు వస్తువులు నేటికీ ఉన్నాయి. వాటి వివరణలలో ఊరి పేరు ఉంటుంది. చేసినవారి పేరు కనిపించడం అరుదు.

పదార్థం వైపు నుంచి చూస్తే ఈ ఉదాహరణ మరింత కఠినమైనది. దంతం ఏనుగు ప్రాణంతో ముడిపడిన పదార్థం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో జరిగిన సవరణ భారతీయ ఏనుగుదంతపు వ్యాపారాన్నీ, 1991 సవరణ దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతపు వ్యాపారాన్నీ నిషేధించాయి. ఆ నిషేధం న్యాయమైనదే. కాని దానితో తరాల నైపుణ్యానికి ముడిసరుకు లేకుండా పోయింది. దేశంలోని దంతపు పనివారు గంధపుచెక్క, ఎముక, ఇతర కొయ్యల వైపు మళ్ళవలసి వచ్చింది. నైపుణ్యం స్థానికమైనా, పదార్థం తిరిగి పెరగనిదైనప్పుడు ఆ వృత్తి ఎంతకాలమో నిలవదని విశాఖపట్నం చరిత్ర స్పష్టం చేస్తుంది.

6. అచ్చుపటం, అట్టపెట్టె, ప్లాస్టిక్ పావు

వైకుంఠపాళి, మరో పేరు పరమపద సోపాన పటం, ఇతర ఆటలకు భిన్నమైనది. దానిని అప్పటికప్పుడు అరుగు మీద గీయడం కష్టం. పాములు, నిచ్చెనలు, వాటి తలల దగ్గర, మొదళ్ళ దగ్గర పుణ్యపాపాల పేర్లు, పైన వైకుంఠం, ఇవన్నీ చిత్రకారుడి పని కోరతాయి. అందువల్ల ఇది మొదటి నుంచీ తయారైన పటంగానే ఇంటికి చేరింది. చేతిరాత పటాల తరువాత అచ్చుపటాలు వచ్చి, పండుగ అంగళ్ళలో తక్కువ వెలకు దొరికాయి. శివరాత్రి, ముక్కోటి ఏకాదశి జాగరణలకు అది తోడైంది. అచ్చు ఆటను చవక చేసింది, విస్తరింపజేసింది. అదే సమయంలో పావులనూ గవ్వలనూ ఆడేవారికే వదిలేసింది. కొనవలసినది కాగితం ఒక్కటే. ఈ పరిమితి ఒక విధమైన పొదుపు కూడా.

ఇంగ్లండులో 19వ శతాబ్ది చివరి దశకంలో ఈ సంప్రదాయానికి చెందిన ఆట పాములు-నిచ్చెనలుగా, పచ్చీసు లూడోగా మార్కెట్‌లోకి వచ్చాయి. మారినవి నియమాలు మాత్రమే కావు. గవ్వల స్థానంలో ఆరు ముఖాల పాచిక, కాయల స్థానంలో నాలుగు రంగుల ఏకరూప పావులు, గుడ్డపటం స్థానంలో అట్టబోర్డు, వీటన్నిటినీ కలిపి ఒక పెట్టె ఏర్పడింది. ఆట మొత్తంగా తయారీదారు చేతిలోకి వెళ్ళింది. 20వ శతాబ్దిలో ప్లాస్టిక్ చేరడంతో ఈ పెట్టె మరింత చవకైంది. ఒక పావు పోతే గాజుముక్క పెట్టుకుని ఆడే అలవాటు తగ్గి, సెట్టు పూర్తిగా లేదన్న కారణంతో ఆటనే పారవేసే అలవాటు వచ్చింది. పాత ఆటలో లోటు పూడ్చుకునే వీలు ఆట స్వభావంలోనే ఉంది. పెట్టె ఆటలో ఆ వీలు తగ్గింది. మన్నిక గురించి నేడు జరిగే చర్చలో ఈ మార్పుకు తగిన గుర్తింపు దక్కాలి.

7. అంకుడు, పొనికి: తిరిగి పెరిగే కొయ్య

ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయంగా నేడు ఎక్కువగా వినిపించే పేర్లు ఏటికొప్పాక, కొండపల్లి. ఈ రెండింటినీ కొయ్యబొమ్మలుగా ఒకటిచేసి చెప్పడం వాడుక. తయారీ దృష్టితో చూస్తే ఇవి రెండు వేర్వేరు పద్ధతులు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో ప్రధాన పదార్థం అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా, సమమైన పోగుతో ఉండే ఈ కర్రను తరిణె మీద, నేటి వాడుకలో లేత్ మిషన్ మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తిరుగుతున్న కొయ్యకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె, ద్రావకం అవసరం లేదు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసిన సహజ రంగులను లక్కలో కలిపే పద్ధతిని తిరిగి నిలబెట్టడానికి దశాబ్దాలుగా కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలనే ప్రదర్శించింది.

బోర్డు ఆటకు ఈ పద్ధతి సహజంగా సరిపోతుంది. గుండ్రంగా తిరిగే ఏ పావునైనా తరిణె క్షణాలలో తీస్తుంది. పచ్చీసు కాయ, చదరంగపు బంటు, పులిజూదం పావు అన్నీ ఈ కోవలోవే. చదరంగపు గుర్రం మాత్రం తరిణెకు లొంగదు, దానిని చెక్కాలి. అక్కడ కొండపల్లి పద్ధతి పనికొస్తుంది. తెల్లపొనికి కొయ్యను చెక్కి, భాగాలను విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించడం అక్కడి విధానం. పొనికి చాలా తేలికైన కొయ్య. నిర్మల్ బొమ్మల పనికి కూడా అదే ఆధారం. అరుగు మీద గవ్వగా మారిన చింతగింజే ఇక్కడ అతుకుగా మారడం స్థానిక పదార్థ జ్ఞానంలోని ఏకసూత్రతను చూపుతుంది.

అయితే ఇక్కడ కూడా స్థానికత సంపూర్ణం కాదు. దేశంలో లక్క ఎక్కువగా ఉత్పత్తి అయ్యేది ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాలలో. కొండపల్లి పనిలో సహజ రంగులతో పాటు ఎనామిల్ రంగుల వాడకమూ ఉంది. అన్నిటికంటె పెద్ద ప్రశ్న కర్ర లభ్యత. అంకుడు చెట్టుకు కొట్టిన మోడు నుంచి మళ్ళీ చిగురించే స్వభావం ఉంది. పావులకు పెద్ద దుంగలు అక్కర లేదు, సన్నని కొమ్మలు చాలు. ఈ రెండు లక్షణాల వల్ల, దంతానికి సాధ్యం కానిది అంకుడుకు సాధ్యమే. కాని ఆ సాధ్యత తనంతట తాను నెరవేరదు. కోసినదానికి తగినంత నాటడం, నాటినది ఎదిగే దాకా కాపాడడం, అడవి నుంచి కర్ర తెచ్చుకునేందుకు హస్తకళాకారులకు చట్టబద్ధమైన మార్గం ఉండడం అవసరం. కన్నడ ప్రాంతంలోని చెన్నపట్న లక్కబొమ్మలకు ఆధారమైనది కూడా ఇదే జాతి చెట్టు. రెండు కేంద్రాలకూ గిరాకీ పెరిగితే ఒకే జాతి చెట్టుపై ఒత్తిడి పెరుగుతుంది. పర్యావరణ హితం పేరిట పెరిగిన గిరాకీ చెట్టును తగ్గించే ప్రమాదం ఇక్కడ ఉంది.

8. చట్టం, ప్రమాణం, శ్రమ

గత కొన్నేళ్ళలో ప్రభుత్వ విధానం దేశీయ ఆటవస్తువులకు అనుకూలంగా మారింది. 2020 ఫిబ్రవరిలో దిగుమతి ఆటవస్తువులపై కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆటవస్తువుల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటవస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్రను తప్పనిసరి చేసింది. సీసం వంటి హానికర లోహాల పరిమితులు ఆ ప్రమాణాలలో భాగం. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకూ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైన యజమానులు, అధీకృత వినియోగదారుల ఉత్పత్తులకూ ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు లభించింది.

ఈ మినహాయింపు లేకపోతే చిన్న ఇంటి పని పరీక్షల ఖర్చుకు తట్టుకోలేదు. ఆ మేరకు అది న్యాయమైనది. కాని మినహాయింపు అంటే భద్రతకు నిరూపణ కాదు. సహజ రంగు వేసిన పావూ, రసాయన రంగు వేసిన పావూ ఒకే గుర్తింపు కింద అమ్ముడుపోతే, కొనేవారికి తేడా తెలియదు, శ్రద్ధగా పనిచేసిన కళాకారుడికి ప్రతిఫలమూ దక్కదు. పరీక్షల భారాన్ని వ్యక్తిగత కళాకారుడిపై కాకుండా సహకార సంఘంపైనో ప్రభుత్వ సంస్థపైనో ఉంచడం మినహాయింపు కన్న మెరుగైన మార్గం.

శ్రమ విషయంలోనూ ఇటువంటి సందిగ్ధతే ఉంది. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడి వేళల తరువాత, సెలవులలో ప్రమాదకరం కాని కుటుంబ వృత్తికి సాయం చేయడాన్ని అనుమతించింది. వృత్తివిద్య తండ్రి నుంచి కొడుక్కు, అత్త నుంచి కోడలికి అందే కళలలో ఈ వెసులుబాటుకు అర్థముంది. నేర్చుకోవడం ఎక్కడ ముగిసి శ్రమ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం మాత్రం కష్టం. ఇంటి పనిని కంటితో చూసి లెక్కించే అధికారి ఉండడు. కుటుంబంలోని స్త్రీలు చేసే రంగు, మెరుగు, అతుకు పనులకు విడిగా కూలి లెక్క ఉండకపోవడం కూడా ఇంటి ఉత్పత్తిలో ఉన్న పాత సమస్య. తయారీ కొనుగోలుదారుకు దగ్గరైనంత మాత్రాన ఈ శ్రమ కనిపిస్తుందని చెప్పలేము. నిజానికి ఇంటి గోడల మధ్య జరిగే పని ఫ్యాక్టరీ పని కన్న కంటికి దూరం.

9. ముగింపు

తెలుగువారి బోర్డు ఆటల తయారీ చరిత్రను పరిశీలించినప్పుడు తేలిన అంశాలు ఇవి.

1. ఈ ఆటలలో అధికభాగం తయారీ వస్తువు మీద ఆధారపడినవి కావు. గీత, గింజ, రాయి వంటి అందుబాటు పదార్థాలతో అవి నిలిచాయి. కాయ, పండడం, గుంట వంటి పదాలు ఈ మూలాన్ని భాషలో భద్రపరిచాయి.

2. ఇంటి వస్తువుగా కనిపించే గవ్వకు మాల్దీవుల నుంచి సాగిన దూరపు వ్యాపార చరిత్ర ఉంది. వాడిన స్థలాన్ని బట్టి వస్తువు మూలాన్ని నిర్ణయించలేము.

3. విశాఖపట్నం దంతపు బోర్డులలో చెయ్యి స్థానికం; పదార్థం ఏనుగు ప్రాణంతో ముడిపడినది, లాభం పరాయి కొనుగోలుదారు అభిరుచిపై ఆధారపడినది. ముడిసరుకు నిలకడ లేని నైపుణ్యం చట్టం మారిన రోజున నిరాధారమైంది.

4. పెట్టె ఆట రాకతో లోటును ఇంటి వస్తువుతో పూడ్చుకునే వీలు తగ్గింది. ఆట మన్నికలో పదార్థం ఎంత ముఖ్యమో, పావు పోయినా ఆట సాగే వీలు అంత ముఖ్యం.

5. అంకుడు, పొనికి కొయ్యలతో చేసే పావులు ప్లాస్టిక్‌కు నిజమైన ప్రత్యామ్నాయం కాగలవు. ఆ అవకాశం చెట్ల పెంపకం, రంగుల పరీక్ష, స్త్రీల శ్రమకు విడిగా కూలి అనే మూడు షరతులకు లోబడి ఉంది.

ఈ అంశాల నుంచి రెండు ఆచరణాత్మక సూచనలు వస్తాయి. ఆట సెట్టును రూపొందించేవారు అన్ని భాగాలనూ పెట్టెలో నింపాలన్న నియమాన్ని విడిచి, తరిణె పట్టిన పావులు, గుడ్డపటం మాత్రమే అందించి, పందానికి చింతగింజలు అరగదీసుకునే పద్ధతిని వివరించే కాగితం జతచేస్తే, అది ఖర్చు తగ్గించడమే కాక ఆట పాత స్వభావానికి కూడా న్యాయం చేస్తుంది. రెండవది, ప్రతి సెట్టు మీద ఊరి పేరుతో పాటు చేసిన చేతుల పేర్లూ, వాడిన కర్ర, రంగుల వివరాలూ ఉండాలి. విశాఖపట్నం పెట్టెలు చేసిన కంసాలుల పేర్లు ఇప్పుడు వెదికినా దొరకడం అరుదు. నేడు ఏటికొప్పాకలో తరిణె ముందు కూర్చున్నవారి విషయంలో ఆ లోటు మళ్ళీ జరగకుండా చూడడం సాధ్యమే. పరిశోధకులు చేయవలసిన పని కూడా ఇక్కడే ఉంది. ఆటల నియమాలను సేకరించినంత శ్రద్ధతో, ఆ వస్తువులను చేసినవారి పనిముట్ల పేర్లను, పదార్థ పరిజ్ఞానాన్ని, కూలి లెక్కలను సేకరించడం తెలుగు సాంఘిక చరిత్ర రచనకు అవసరమైన తరువాతి అడుగు.